మూతలతో చక్రాలు చేయొద్దు

సంపాదకులు గారికి,

సెలవుల్లో పిల్లల కాలక్షేపాల మీద మీరు వేసిన వ్యాసంలో చిన్న రైలు నమూనా గురించి రెండు మాటలున్నాయి. అది లక్షలు పోసేవాళ్ల సరదా అని ఒకటి. ఇంట్లో పడి ఉన్న సామానుతో, సీసా మూతల చక్రాలతో సహా, అంతా చేసేయొచ్చని ఇంకొకటి. రెండూ సగం సగమే నిజం. మొదటిది నమ్మినవాళ్లు ఆ జోలికే పోరు, వాళ్లకు నష్టం లేదు. రెండోది నమ్మి దిగినవాళ్ల సంగతే వేరు. బడి సైన్సు ప్రదర్శనలో పొద్దున తిరిగిన రైలు అన్నాల వేళకు మూలన పడేది చాలాసార్లు ఆ చక్రాల వల్లే. మూతకు పట్టాను పట్టుకునే అంచు ఉండదు, ఇరుసుకు పొడిచిన రంధ్రం నడిమధ్యలో పడదు. అర మిల్లీమీటరు పక్కకు పడినా చక్రం ఎగురుతూ నడుస్తుంది.

కొనక తప్పనివి మూడు. ఇంజను, పట్టాలు, చక్రాల జతలు. హెచ్‌ఓ కొలతలో నమూనా అసలుకు 87వ వంతు ఉంటుంది, పట్టాల మధ్య ఎడం 16.5 మి.మీ. ఎన్ కొలతలో 160వ వంతు, ఎడం 9 మి.మీ. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ.ను 87తో భాగిస్తే 19 దాటుతుంది. బజార్లో దొరికే పట్టాలు 1,435 మి.మీ. విదేశీ గేజికి చేసినవి. ఆ తేడా కంటికి ఆనదు, పట్టించుకోనక్కర్లేదు.

బల్లకు పాత ఫ్లష్ డోర్‌ను మించింది లేదు. ప్లైవుడ్ అయితే కింద రీపర్ల చట్రం కొట్టాలి, లేకపోతే వానాకాలం వెళ్లేసరికి పళ్లెంలా వంగుతుంది. తలుపు వంగదు. కబ్జాలు, గడియలు పీకేసి, అడుగున నీళ్లకు ఉబ్బిన భాగం ఉంటే కోసేయాలి. లోపల డొల్లగా ఉంటే మేకు పట్టదు, జిగురుతోనే అతికించాలి. వెడల్పు చూసుకోవడం ముఖ్యం. హెచ్‌ఓలో బాగా ఇరుకైన మలుపుకు వ్యాసార్ధం 36 సెం.మీ. 3 అడుగుల తలుపు మీద స్లీపర్ల అంచు నుంచి బల్ల అంచుకు రెండు వైపులా 8 సెం.మీ. మిగులుతుంది. రెండున్నర అడుగుల బాత్రూం తలుపు మీద అర సెంటీమీటరు మిగులుతుంది. అంటే పట్టా తప్పిన ఇంజను నేరుగా నేల మీదికే. ఆ తలుపు ఎన్ కొలతకు ఉంచుకోండి.

ఆ 36 సెం.మీ. మలుపులో ఎక్స్‌ప్రెస్ పెట్టెలు తిప్పాలని చూడొద్దు. చెన్నై ఐసీఎఫ్ కార్ఖానాలో చేసిన 21 మీటర్ల పెట్టె నమూనా 24 సెం.మీ.కు పైనే ఉంటుంది. మలుపులో దాని నడుము లోపలికి, మూలలు బయటికి పొడుచుకొచ్చి పక్క లైను మీది రైలును గీరుతాయి. కాజీపేట మీదుగా రోజూ పోయే బొగ్గు గూడ్సే మనకు తగింది. ఆ బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు రెండు చివర్ల కప్లింగులతో కలిపి 10,713 మి.మీ., నమూనాలో 12.3 సెం.మీ. చేయడమూ తేలిక, ఎందుకంటే అది మూతలేని పెట్టె.

దానికి లగ్గం పత్రికల అట్ట బాగా పనికొస్తుంది. గట్టిగా ఉంటుంది, ప్రతి ఇంట్లో కట్టలుగా పడి ఉంటుంది. తళతళలాడే పూత ఉంటే గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే జిగురు పట్టదు. అసలు వ్యాగన్ లోపలి కొలతలు 9,784 పొడవు, 2,950 వెడల్పు, 1,950 ఎత్తు, అన్నీ మి.మీ.లలోనే. నమూనాకు అడుగు ముక్క 112 × 34 మి.మీ., పక్క గోడలు 112 × 22 మి.మీ. చొప్పున రెండు, చివరి గోడలు రెండు కోయాలి. ఒక పొర వంగుతుంది కనుక రెండు పొరలు అతికించి, పాత పుస్తకాల బరువు కింద రాత్రంతా ఉంచాలి. బయట నిలువు పట్టీలకు ఒకటిన్నర మి.మీ. వెడల్పు పీలికలు చాలు. చక్రాల బోగీల (పెట్టె కింద రెండేసి జతల చక్రాలుండే చట్రాల) కేంద్రాల మధ్య దూరం 75 మి.మీ. పట్టా పైనుంచి గోడ అంచుకు 37 మి.మీ. రావాలి. బోగీల్లో ఒకదాన్ని మరకు కొంచెం వదులుగా, అన్ని వైపులా ఊగేలా బిగించాలి. రెండోది పక్కలకు మాత్రమే తిరగాలి. రెండూ బిగుతుగా ఉంటే మూడు చక్రాలు పట్టా మీద, నాలుగోది గాలిలో.

చాలామంది మరిచేది బరువు. అట్ట వ్యాగన్ అంతా కలిపి 20 గ్రాములు కూడా తూగదు. ముందునుంచి లాగినప్పుడు బాగానే వస్తుంది, వెనకనుంచి నెడితే మొదటి మలుపులోనే పల్టీ కొడుతుంది. అమెరికాలో నమూనా రైళ్ల వాళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ లెక్క ప్రకారం ఈ పొడవుకు 95 గ్రాములకు కాస్త పైన ఉండాలి. పాత నట్లు, వాషర్లు అడుగున సమంగా పరిచి అతికించి, పైన థర్మాకోల్ గుట్ట, దాని మీద బొగ్గు. ఇస్త్రీ బండి దగ్గరి కట్టెబొగ్గు దంచి పోస్తే చేతులకూ పట్టాలకూ అంటుతుంది. దంచాక నీళ్లలో ఒకసారి కడిగి ఆరబెట్టి, పలచని ఫెవికాల్ చుక్కలు వేస్తే ఆగుతుంది. థర్మాకోల్‌కు ఎస్‌ఆర్ (రబ్బరు) జిగురు, ఫెవిక్విక్, స్ప్రే పెయింటు తగలకూడదు, కరిగి గుంట పడుతుంది.

పట్టాల కింద పరిచే కంకరకు మన దగ్గర లోటే లేదు. కరీంనగర్ వైపు గ్రానైట్ కోసేచోట రాలిన పలుకులు అడిగితే ఇస్తారు. అసలు కంకర 65 మి.మీ. దాకా ఉంటుంది, 87వ వంతంటే ముప్పావు మి.మీ. కిటికీ దోమల జాలీలోంచి జారి, చాయ్ జాలీలో ఆగిన పలుకులే కావాలి. వాటి మీద పాత స్పీకరు అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి రెండుసార్లు తిప్పాలి. కోతలో రాలిన ఇనుప రజను, రాయిలోని నల్ల ఇనుప పలుకులు దానికి అంటుకొస్తాయి. ఈ పని ఎగ్గొడితే ఆ రజనంతా ఇంజను మోటారులోకి చేరుతుంది. పలుకులు పరిచాక ముందు నీళ్లు పిచికారీ చేసి, తర్వాత ఫెవికాల్, నీళ్లు సగం సగం కలిపి, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి వదలాలి. సబ్బు లేకపోతే చుక్క ముత్యంలా దొర్లి కంకరను లాక్కుపోతుంది, స్లీపర్ల మధ్య గుంటలు మిగులుతాయి.

కరెంటుకు పాత రౌటరు అడాప్టర్ చాలు, 12 వోల్టులు, 1 ఆంపియర్ ఉన్నది. వేగానికి చిన్న పీడబ్ల్యూఎం బోర్డు, అంటే కరెంటును చకచకా ఆపుతూ వదులుతూ వేగాన్ని మార్చేది. ఫ్యాను రెగ్యులేటరు వాడొచ్చని కొందరు పిల్లలకు చెప్తున్నారు. బల్ల మీదికి 230 వోల్టులు వచ్చే ఏ పనీ చేయొద్దు. అడాప్టర్ నుంచి వచ్చే ఒక తీగ మధ్యలో బైకు ఇండికేటరు బల్బు, 12 వోల్టులు 10 వాట్లది, కలపాలి. రైలు మామూలుగా నడిచేటప్పుడు అది వెలగదు, మహా అయితే ఎర్రగా మినుకుమంటుంది. పట్టాలు షార్ట్ అయితే భగ్గున వెలిగి అడాప్టర్‌ను కాపాడుతుంది. పట్టా ముక్కలను కలిపే క్లిప్పులను నమ్మి కూర్చోకుండా, మీటరుకొక చోట తీగ సోల్డర్ చేయాలి. తెగిన ల్యాన్ కేబుల్లోని రాగి తీగలు దీనికి సరిపోతాయి. అతుకు మీద గోరు నడిపి చూడండి, గోరుకు తగిలితే చక్రానికీ తగులుతుంది.

అతుకులన్నీ సోల్డర్ చేసేయడమూ తప్పే. మన ఎండలకు చెక్క ఎండి ముడుచుకుంటుంది, పట్టా సాగుతుంది. మీటరుకొక చోట పోస్టుకార్డు మందం సందు వదలకపోతే మే నెలలో లైను పక్కకు ఉబ్బుతుంది.

కాజీపేట, వరంగల్, బల్లార్షా లైన్లు కలిసే ముక్కోణం బల్ల మీద పెట్టాలని ఇక్కడివాళ్లకు తప్పకుండా అనిపిస్తుంది. పెట్టిన క్షణమే బల్బు వెలుగుతుంది. ముక్కోణం చుట్టి వచ్చేసరికి ఎడమ పట్టా కుడి పట్టాను కలుస్తుంది, ప్లస్ పోయి మైనస్‌కు తగులుతుంది. గుండ్రటి లైను మధ్యలోంచి వాలుగా ఒక అడ్డ లైను వేసినా ఇదే జరుగుతుంది. ఒక భుజానికి రెండు చివర్లా, రెండేసి పట్టాలూ కోసి సందు ఇవ్వాలి. ఆ భుజం మీ పొడవైన రైలు కంటే పొడవుండాలి. దానికొక డీపీడీటీ స్విచ్ (ప్లస్, మైనస్‌లను తారుమారు చేసేది), మిగతా లైనంతటికీ ఇంకొకటి. రైలు మొత్తం ఆ భుజంలోకి వచ్చాక ఆపి, మిగతా లైను స్విచ్ మాత్రమే తిప్పి, మళ్లీ వదలాలి. భుజం స్విచ్ తిప్పితే రైలు వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

పట్టాల మీద నల్ల జిడ్డు అగరుబత్తి పొగ నుంచీ, వంటింటి తాలింపు నుంచీ వస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి ఇంకా తొందరగా మసి పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన పాత బనీను గుడ్డ చాలు. శానిటైజర్ వద్దు, దాంట్లోని గ్లిసరిన్ పట్టా మీద పొరలా మిగులుతుంది. పని లేనప్పుడు పాత చీర కప్పి ఉంచాలి.

స్థలం చాలకపోతే మిగతాదంతా తీసేయండి. మూతల చక్రాల సంగతి, వ్యాగన్ కొలతలు మాత్రం సెలవులు అయ్యేలోపు వేస్తే, ఇప్పటికే అట్టలు కోయడం మొదలుపెట్టినవాళ్లకు పనికొస్తాయి.

– ఒక పాఠకుడు, హనుమకొండ