కొండెక్కే ముందు ఆ ముల్లు సంగతి తేల్చుకో

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. అమ్మగారినీ నాన్నగారినీ కారులో తిరుమల తీసుకెళ్తున్నావంటే చాలా సంతోషంరా. కానీ వెళ్ళేది రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, అదీ సెకండ్ హ్యాండ్ బండిలో. అందుకే నువ్వు చివర్లో మామూలుగా రాసేసిన మాట దగ్గరే నాకు మనసు ఆగిపోయింది. రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోందన్నావు. హైవే ఎక్కగానే సగానికి దిగుతోందన్నావు. మెకానిక్ థర్మోస్టాట్ వాల్వ్, అంటే ఇంజన్ వేడెక్కాకే నీళ్ళని రేడియేటర్‌లోకి వదిలే తలుపు, పీకేద్దామంటున్నాడన్నావు. ఆ వాల్వ్ మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వకు.

నువ్వు చెప్పిన లక్షణంలోనే జబ్బు పేరు ఉంది. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగి ఉన్నప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. ఆగితే వేడెక్కి, పరుగెత్తితే చల్లబడుతోందంటే ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌నే. ఇదే తిరగబడి, ఊళ్ళో బాగుండి హైవే మీద ఎనభై దాటితే ముల్లు లేచేదనుకో, అప్పుడు నీళ్ళు తిరగడంలో లోపం అన్నమాట. రేడియేటర్ లోపల గార కట్టడమో, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తక్కువవడమో, వాల్వ్ సగమే తెరుచుకోవడమో, వాటర్ పంపు రెక్కలు తినేయడమో అయ్యుంటుంది.

రేపు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా బానెట్ ఎత్తి స్టార్ట్ చెయ్యి. ఏసీ వెయ్యి. చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఏసీ వేసిన కాసేపటికే ఫ్యాన్ తిరగాలి. రెండు ఫ్యాన్లుంటే రెండూ గమనించు. తర్వాత ఏసీ కట్టేసి బండిని అలాగే ఉంచు. వాల్వ్ సుమారు 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పటిదాకా గోరువెచ్చగా ఉన్న పై హోస్ పైపు ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. ఇంకాసేపటికి, 95 నుంచి 100 డిగ్రీల మధ్య, ఫ్యాన్ దానంతటదే తిరిగి, రెండు మూడు నిమిషాల్లో ఆగాలి. ఏసీ వేస్తే తిరిగి, వేడికి తిరగకపోతే టెంపరేచర్ సెన్సారూ దాని వైరూ చూపించు. ఎలాగూ తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్చు), ఆ తర్వాత మోటారు, ఇదే వరుస. రిలేకి చవకైన పరీక్ష ఒకటుంది. బానెట్ కింద ఫ్యూజు పెట్టెలో అదే నంబరున్న ఇంకో రిలే ఉంటే, చాలా బండ్లలో హారన్‌ది అదే రకం, రెండూ మార్చి పెట్టి చూడు. ఫ్యాన్ తిరిగిందంటే దొంగ దొరికినట్టే. మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చినా కదలకపోతే, లేదా వెనక నుంచి స్క్రూడ్రైవర్ పిడితో తడితేనే తిరుగుతోంటే, లోపల కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయన్నమాట. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టే అలవాటున్న ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఒప్పుకోకు, వైరింగ్ అంటుకుంటుంది. ఇంకోమాట, చాలా బండ్లలో ఇంజన్ కట్టేశాక కూడా ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది. వేళ్ళూ, భుజమ్మీద తువ్వాలూ దూరంగా ఉంచు.

ఫ్యాన్ బాగుంటే రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్ వైపు చూడు. సన్నటి అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము, పురుగులు, ఆకుముక్కలు మట్టిగోడలా పట్టేసి ఉంటాయి. పైపుతో నీళ్ళు మెల్లగా, కుదిరితే ఇంజన్ వైపు నుంచి బయటికి పట్టు. వాషింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు ముడుచుకుపోయి అసలుకే గాలి ఆడదు.

తర్వాతది రేడియేటర్ మూత. కొన్ని వందల రూపాయల వస్తువు, దాన్నెవరూ పట్టించుకోరు. ఆ మూతలోని స్ప్రింగు లోపల ప్రెషర్ నిలబెడుతుంది కాబట్టే కూలెంట్ 100 దాటినా మరగకుండా ఉంటుంది. పైన 0.9 అనో 1.1 అనో ప్రెషర్ అంకె ఉంటుంది, కొత్తది కూడా అదే అంకెతో కొను. చల్లారాక మూత తీసి కింద రబ్బరు వాషర్‌ని గోటితో నొక్కు. మెత్తగా లోపలికి పోవాలి. గట్టిపడి బీటలు వారితే మార్చెయ్యి. ఇంకో గుర్తు కూడా చెప్తాను. రాత్రంతా చల్లారిన బండికి పొద్దున్నే పై హోస్ పైపు పీల్చేసినట్టు చప్పిడిగా ఉందంటే, మూతలోని చిన్న వాల్వ్ పట్టేసిందన్నమాట. పక్కనున్న రిజర్వ్ ట్యాంకు ఫుల్ గీత మీదే ఉండి, రేడియేటర్ మాత్రం వెలితిగా ఉన్నా అదే అనుమానం, లేదా రెంటినీ కలిపే సన్నటి పైపుకి చీలిక. అందుకే ట్యాంకు గీత ఒక్కటే చూసి ధైర్యపడకు. హోస్ పైపుల్ని చల్లగా ఉన్నప్పుడే పిసికి చూడు. చపాతీ పిండిలా మెత్తబడినా, వంపు దగ్గర అప్పడంలా కరకరలాడినా కొత్తవి వేయించు, క్లిప్పులతో సహా.

ఇక వాల్వ్ సంగతి. అది ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వదు. దాన్ని తీసేస్తే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, బండిలోని కంప్యూటరేమో ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఇంజనాయిల్‌లో పెట్రోలు కలిసి లోపల అరుగుదల పెరుగుతుంది. పైగా నీ బండికి అసలు రోగం ఫ్యాన్ అయితే, వాల్వ్ పీకినా రింగు దగ్గర ముల్లు లేవక మానదు, కాస్త ఆలస్యమవుతుందంతే. నిజంగా వాల్వ్ మీద అనుమానముంటే దారంతో కట్టి గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి, అడుగు తగలకుండా, పొయ్యి మీద కాచు. నీళ్ళు తెర్లేలోపే మధ్యలోని బిళ్ళ సెంటీమీటరుకి కాస్త అటూఇటూ విచ్చుకోవాలి. విచ్చుకోకపోతే అదే అంకెది కొత్తది, కొత్త గాస్కెట్‌తో.

కూలెంట్ ఎప్పుడు మార్చారో తెలియదన్నావు కాబట్టి ఈ ప్రయాణానికి ముందే మార్చు. పాత యజమాని బోరు నీళ్ళు పోసి ఉంటే, ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లగారే రేడియేటర్ గొట్టాల్లోనూ కట్టి ఉంటుంది. తీసినప్పుడు నీళ్ళు ఇటుకరంగులో వస్తే తుప్పు. కింద డ్రెయిన్ బిరడా ప్లాస్టిక్‌ది, చేత్తోనే మెల్లగా తిప్పు. నీళ్ళతో కడిగి, మళ్ళీ వదిలేసి, స్వచ్ఛంగా వచ్చేదాకా చెయ్యి. చివరి కడుగు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో.

చాలామంది పొరబడేది ఆ తర్వాతే. ఎంత వదిలినా ఇంజన్ బ్లాకులో లీటరుకి పైగా నీళ్ళు మిగిలిపోతాయి. అప్పుడు ముందే నీళ్ళు కలిపి అమ్మే రెడీమేడ్ కూలెంట్ పోస్తే అది ఇంకా పలచబడుతుంది. కాబట్టి నీళ్ళు కలపని కాన్సంట్రేట్ కొను. మాన్యువల్‌లో మొత్తం నాలుగు లీటర్లని ఉంటే, ముందు రెండు లీటర్ల కాన్సంట్రేట్ పోసి, మిగతా చోటు డిస్టిల్డ్ వాటర్‌తో నింపు. సగం సగం కుదురుతుంది. రంగు చూసి కొనకు, ఎర్రది ఎర్రదీ ఒకటే అనే రూలేమీ లేదు. మాన్యువల్‌లో రాసిన రకమే తీసుకో. మూత తీసి ఉంచి, హీటర్ ఫుల్లు వేడి మీద పెట్టి ఇంజన్ నడుపు. బుడగలొస్తుంటే కాస్త కాస్త పోస్తూ ఉండు. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఓపిక పట్టు. ఈ ఎయిర్‌లాక్, అంటే లోపల చిక్కుకున్న గాలి, తియ్యకుండా మూత బిగించేసి, మర్నాడు బండి వేడెక్కితే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్డుకీ మధ్య ఉండే రేకు) పోయిందని భయపెట్టేవాళ్ళుంటారు. పాత కూలెంట్‌ని కాలవలో పొయ్యకు, పళ్ళెంలో వదిలెయ్యకు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకి చచ్చిపోతాయి. డబ్బాలో పట్టి షెడ్డులో ఇవ్వు.

హెడ్ గాస్కెట్ నిజంగా పోతే గుర్తులు వేరు. ఎక్కడా కారకుండానే కూలెంట్ రోజూ తగ్గుతుంది, ఇంజన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంది, రేడియేటర్‌లో బుడగలు ఆగవు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారుతుంది. ఇందులో రెండు కనిపించినా ఆ బండితో ప్రయాణం పెట్టుకోకురా.

నెల్లూరు దాటి నాయుడుపేట దగ్గర తిరిగి శ్రీకాళహస్తి మీదుగా వెళ్తావు కదా, దారిలో ముల్లు సగం దాటి పైకి కదిలితే వెంటనే ఏసీ కట్టేసి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లు వేడి, ఫుల్లు స్పీడు మీద పెట్టు. లోపల ఉడికిపోతుంది, అయినా అది రెండో రేడియేటర్‌లా పనిచేస్తుంది. హీటర్ నుంచి చల్లటి గాలి వచ్చిందంటే మాత్రం లోపల కూలెంట్ లేదని అర్థం. అప్పుడు ముల్లు చెప్పేది కూడా నమ్మకు, సెన్సారు చుట్టూ నీళ్ళు లేకపోతే ఒక్కోసారి అది కిందికే చూపిస్తుంది. ముల్లు ఎరుపు ముట్టుకున్నా, బానెట్ నుంచి ఆవిరి లేచినా పక్కకి తీసి ఇంజన్ కట్టెయ్యి. ఇంకో రెండు కిలోమీటర్లలో షెడ్డుందని లాగకు, ఆ రెండు కిలోమీటర్లలోనే అల్యూమినియం హెడ్డు వంకరపోతుంది. కనీసం ముప్పావుగంట మూత ముట్టుకోకు, తర్వాత కూడా దళసరి గుడ్డ కప్పి, మొదటి మెట్టు దాకా తిప్పి, ఆవిరి పోయాక తియ్యి. వేడి ఇంజన్ మీద చన్నీళ్ళు కుమ్మరించొద్దు. ఒక లీటరు కూలెంట్, రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డిక్కీలో ఉండాలి.

అలిపిరి దగ్గర కాసేపు ఆపి బండిని చల్లారనివ్వు. పైకి వెళ్ళే ఘాట్‌రోడ్డులో మూడో గేరులో మూలుగుతూ లాగొద్దు, రెండులో హాయిగా తిప్పు. చిన్న బండ్లలో వాటర్ పంపు ఇంజన్‌తోపాటే తిరుగుతుంది, ఇంజన్ కాస్త వేగంగా తిరిగితే నీళ్ళూ వేగంగా తిరుగుతాయి. ఐదుగురూ సామానూ ఉంటే ఏసీ లేకుండా ఎక్కడమే మేలు. వాలులో ఆగితే క్లచ్ మీద నిలబెట్టకు, హ్యాండ్ బ్రేక్ వెయ్యి. కాలిన అట్టముక్క వాసన వస్తే అవి క్లచ్ ప్లేట్లు.

దిగేటప్పుడు సమస్య ఇంజన్‌ది కాదు, బ్రేకుది. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని ఇంకా నమ్మేవాళ్ళున్నారు. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే అది ఖర్చవుతుంది. ఇంజన్ కట్టేసి దిగితే, పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌లో ఉన్న వాక్యూమ్ రెండు మూడు నొక్కుళ్ళతో అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా ఉంటుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకు, గట్టిగా నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదులు.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీలుస్తుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ అయితే 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగొచ్చు. మరిగిందంటే లోపల బుడగలు, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అప్పుడు పంపులా గబగబా నొక్కుతూ గేరు ఇంకా దించి, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగాలి. ఆ పరిస్థితి రాకుండా బయల్దేరకముందే ఆయిల్ మార్పించు, రెండేళ్ళకోసారి చాలు. బ్రేక్ ప్యాడ్లు మూడు మిల్లీమీటర్లకి తగ్గితే అవీ మార్పించు. కొండ దిగాక చక్రాల మీద నీళ్ళు చల్లకు, డిస్కులు వంకరపోతాయి.

టైర్ల పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. అంత పాతవైతే గాడి ఎంతున్నా ఈ ఎండలో హైవేకి పనికిరావు. గాలి పొద్దున్నే, చల్లటి టైర్లలో, డ్రైవర్ తలుపు స్తంభం మీద అంటించిన చీటీలో ఫుల్ లోడ్‌కి రాసినంత పెట్టించు. మధ్యాహ్నం చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది మామూలే, తియ్యకు. టైర్లు ఎక్కువగా పేలేది గాలి తక్కువై పక్కగోడ నలిగి కాలినప్పుడే. స్టెప్నీలో కూడా చూడు, దాన్ని మర్చిపోతారు.

బ్యాటరీకి ఒక్క మల్టీమీటరు చాలు. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు ఉంటే నిండు, 12.2కి సగమే. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 రావాలి. డైనమో పరీక్షకని నడుస్తున్న బండికి బ్యాటరీ వైరు పీకితే కంప్యూటర్ కాలిపోయే ప్రమాదముంది, ఎవరైనా చెయ్యబోతే ఆపు.

అమ్మగారికీ నాన్నగారికీ నా నమస్కారాలు. రేపు ఏసీ వెయ్యగానే ఫ్యాన్ తిరిగిందో లేదో, తిరగకపోతే రిలే మార్చి చూస్తే ఏమైందో వెంటనే ఫోన్ చేసి చెప్పు. దాన్నిబట్టి సామాను ఏం కొనాలో చెప్తాను.

నీ
సుబ్బు