మడత క్రోనోగ్రాఫ్ వేగం ఎక్కువ చూపడం, లైట్ కిట్ మినుకులపై ఫిర్యాదు

విజయనగరం,
18-11-2025

సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మడత క్రోనోగ్రాఫ్ బందు (మడత కీలు) పూర్తిగా తెరుచుకోకపోవడం వల్ల వేగం 2.4 శాతం ఎక్కువ చూపడం. ఇన్‌డోర్ లైట్ కిట్ పనికిరాకపోవడం. సర్వీస్ సెంటర్ ఇచ్చిన ‘లోపం లేదు’ చీటీ గురించి.

ఆర్యా,

కంటోన్మెంట్‌లోని మా ఎయిర్ రైఫిల్ సాధన షెడ్డు కోసం ఆగస్టు 12న మీ సంస్థ నుంచి పెల్లెట్ల (రైఫిల్ పేల్చే చిన్న గుండ్ల) వేగం కొలిచే మడత క్రోనోగ్రాఫ్ (18,400 రూపాయలు), దాంతోపాటు ఇన్‌డోర్ లైట్ కిట్ (2,900 రూపాయలు) కొన్నాం. మొదటి పరికరం తప్పు చూపుతోందని తిప్పి పంపితే బదులు ఇంకొకటి ఇచ్చారు. అదీ అంతే చూపింది. రెండోదాన్ని విశాఖపట్నం సర్వీస్ సెంటర్‌కు పంపితే ‘సెన్సర్ల మధ్య దూరం 300 మి.మీ., సరిగా ఉంది, లోపం లేదు, వెలుతురు లేదా రైఫిల్ సమస్య కావచ్చు’ అని చీటీ రాసి వెనక్కి పంపారు. ఆ చీటీలో దూరం కొలత నిజమే. కొలిచిన చోటే తప్పు.

ఈ పరికరం చేసే పని మీకు మేము చెప్పాల్సింది కాదు గానీ, చీటీ చూశాక చెప్పక తప్పడం లేదు. మొదటి సెన్సర్ మీద పెల్లెట్ నీడ పడగానే గడియారం మొదలవుతుంది, రెండో దాని మీద పడగానే ఆగుతుంది. మధ్య దూరాన్ని ఆ సమయంతో భాగించి వేగం చూపుతుంది. 300 మి.మీ. దూరాన్ని సెకనుకు 175 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 1.714 మిల్లీసెకన్లలో దాటుతుంది. ఇక్కడ పరికరానికి తెలిసింది సమయం ఒక్కటే. 300 అన్నది మీరు లోపల రాసిపెట్టిన అంకె. పెల్లెట్ నిజంగా 293 మి.మీ. మాత్రమే దాటినా అది 300 దాటిందనే అనుకుంటుంది, వేగం ఎక్కువ చూపుతుంది.

పెల్లెట్ పోయేది సెన్సర్ల మీదుగా రాసుకుంటూ కాదు. మీ మాన్యువల్ ప్రకారం 200 మి.మీ. ఎత్తున పోవాలి. కాబట్టి అసలు దూరం ఆ ఎత్తులో కొలవాలి. ఒక్కో సెన్సర్ గాడి దగ్గర ఒక్కో మూలమట్టం (లంబకోణం చూసే పనిముట్టు) నిలబెట్టి కొలిస్తే అడుగున 300 మి.మీ. ఉంది, 200 మి.మీ. ఎత్తున 293 వచ్చింది. బందుకు అటూ ఇటూ ఉన్న పరికరం రెక్కలు రెండూ ఒకే మట్టంలో లేవన్నమాట. మధ్య బందు దాదాపు 2 డిగ్రీలు తక్కువ తెరుచుకుని ఆగిపోతోంది. దాంతో రెండు సెన్సర్ల చూపులు పైకి పోయేకొద్దీ ఒకదాని వైపు ఒకటి వాలుతున్నాయి. 200 మి.మీ. ఎత్తుకు 2 డిగ్రీల వాలు అంటే సరిగ్గా 7 మి.మీ. ఇది కళ్లతోనే చూడొచ్చు. పరికరాన్ని మందపాటి అద్దం మీద పెట్టి ఒక రెక్కను అదిమి పట్టుకుంటే, 180 మి.మీ. పొడవున్న రెండో రెక్క చివర 6 మి.మీ. పైకి లేస్తోంది.

కారణం కూడా బయటే కనబడుతోంది. ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకు పోయే బల్లపరుపు కేబుల్‌ను బందు లోపలి నుంచి కాకుండా రెండు రెక్కల అంచుల మధ్య నుంచి లాగారు. పరికరం తెరిచినప్పుడు అది అంచుల మధ్య నలిగి, రెక్కను పూర్తిగా వాలనివ్వడం లేదు. రెండు పరికరాల్లోనూ కేబుల్ మీద ఒకే చోట నొక్కు పడింది కాబట్టి ఇది ఒక్క పీసు దోషం కాదు, అమర్చిన తీరు దోషం. బలవంతంగా అదిమితే రెక్క సరిగ్గా పడుతుంది, కానీ నాలుగు రోజుల్లో కేబుల్ తెగుతుంది. అందుకే మేము అదమలేదు.

ఇక పరీక్షల సంగతి. ఇంకో క్లబ్బు దగ్గర సరిగా పనిచేస్తున్న వేరే క్రోనోగ్రాఫ్ తెచ్చి, రెండింటినీ ఒకే గీతలో వరుసగా పెట్టాం. రైఫిల్ 200 బార్ పీడనపు గాలి సిలిండర్, రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కూ ఒకే పీడనం అందించే భాగం) ఉన్న 10 మీటర్ల పోటీ రైఫిల్, స్టాండు మీద బిగించినది. పెల్లెట్లు ఒకే డబ్బాలోవి, 4.5 మి.మీ., 0.53 గ్రాములు. ముందు పెట్టిన పరికరం రైఫిల్ గొట్టం మూతికి 1 మీటరు దూరంలో, దాని వెనకది 2 మీటర్ల దూరంలో. ముందు భాగం చదునుగా ఉన్న పెల్లెట్ ఈ వేగం దగ్గర మీటరుకు సుమారు 2 మీ/సె కోల్పోతుంది కాబట్టి వెనక పరికరం ఆ మేరకు తక్కువ చూపాలి. తెచ్చిన పరికరం ముందుంటే అది సగటున 174.6 చూపింది. దాని వెనక మీది 172.5 దరిదాపుల్లో చూపాల్సింది పోయి 176.6 చూపింది. దాటిన పెల్లెట్ వేగం పెరిగిందని చెప్పే పరికరాన్ని ఏం చేసుకోవాలి? స్థానాలు మార్చి మీది ముందు పెడితే 178.8, వెనకున్న తెచ్చినది 172.5. రెండు అమరికల్లోనూ మీది 2.4 శాతం ఎక్కువ. 300ని 293తో భాగించి చూడండి, అదే నిష్పత్తి.

అన్నిటికన్నా గట్టి రుజువు ఎత్తు మార్చి చూడటం. మూతికి 1 మీటరు దూరంలోనే ఉంచి, ట్రైపాడ్ లేపి పెల్లెట్ సెన్సర్లకు 100 మి.మీ. ఎత్తున పోయేటట్టు చేస్తే మీ పరికరం 176.7 చూపింది. తప్పు సగానికి దిగింది. వెలుతురు తప్పయితే, రైఫిల్ తప్పయితే, గడియారం తప్పయితే ఎత్తుతో ఇలా లెక్కగా మారదు.

సర్వీస్ సెంటర్ ఫోనులో చెప్పిన మిగతా కారణాలకూ జవాబు ఇది. పరికరం వంకరగా పెట్టి ఉంటారన్నారు. పెల్లెట్ ఏటవాలుగా పోతే సెన్సర్ల మధ్య ఎక్కువ దూరం పోవాలి, ఎక్కువ సమయం పడుతుంది, కాబట్టి వేగం తక్కువ చూపుతుంది. 5 డిగ్రీల వంకరకు తగ్గేది 0.4 శాతం. మా ఫిర్యాదు ఎక్కువ చూపడం గురించి. మూతికి మరీ దగ్గర పెట్టారన్నారు. 30 సెంటీమీటర్ల లోపల పెడితే మూతి నుంచి వచ్చే గాలి తోపుకే సెన్సర్ కదిలిపోవచ్చు, నిజమే. మేము పెట్టింది 1 మీటరు దూరంలో.

రెండో ఫిర్యాదు లైట్ కిట్. ఇది వేరే జబ్బు, దీన్ని పైదానితో కలపొద్దు. బందు వల్ల వచ్చే తప్పు ప్రతి షాట్‌లోనూ ఒకే నిష్పత్తిలో ఉంటుంది. లైటు వల్ల వచ్చేది షాట్‌షాట్‌కీ మారుతుంది. సగటు తప్పయితే దూరాన్ని, చెదురు ఎక్కువైతే వెలుతురును అనుమానించాలి. మీ సర్వీస్ సెంటర్ గోడ మీద ఈ ఒక్క మాట రాసిపెట్టుకుంటే సగం ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి.

ఆరుబయట, ముఖ్యంగా అల్పపీడనం పట్టి ఆకాశం అంతా ఒకే తెలుపుగా ఉన్న రోజున, మీ సెన్సర్లు చక్కగా పనిచేస్తున్నాయి. ఆ మంచి ఒప్పుకోవాలి. షెడ్డులో మీ కిట్ వెలిగిస్తే మాత్రం 10 షాట్లలో 3 ఎర్రర్లు, మిగతా వాటిలో హెచ్చుతగ్గుల తేడా 23 మీ/సె. కిట్ అడాప్టర్ కరెంటును సరిగా చదును చేయడం లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, అందువల్ల ఆ ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు, అంటే 10 మిల్లీసెకన్లకోసారి తగ్గి పెరుగుతున్నాయి. పెల్లెట్ పొడవు 5, 6 మి.మీ. ఉంటుంది, దాని నీడ సెన్సర్ మీద నిలిచేది సెకనులో లక్షకు 3 వంతుల పాటు. లైటు మసకబారిన క్షణంలో పెల్లెట్ పోతే నీడ లోతు చాలక సెన్సర్ ఆలస్యంగా పట్టుకుంటుంది, లేదా అసలు పట్టుకోదు. మొదటి సెన్సర్ ఆలస్యమైతే వేగం ఎక్కువ, రెండోది ఆలస్యమైతే తక్కువ. మీరే సెల్‌ఫోన్ స్లో మోషన్‌లో ఆ కిట్‌ను వీడియో తీయండి, చారలు కనబడతాయి.

కిట్ అడాప్టర్ తీసేసి అవే ఎల్‌ఈడీ పట్టీలను బండి బ్యాటరీకి, అంటే 12 వోల్టుల డీసీకి కలిపితే ఎర్రర్లు పోయాయి, తేడా 3 మీ/సెకు దిగింది. సగటు మాత్రం 178.8 దగ్గరే ఉంది. అంటే పట్టీలు మంచివే, అడాప్టరే చవకది. పెట్టె మీద ‘ఇన్‌డోర్‌కు సిద్ధం’ అని అచ్చువేసి అమ్మారు కాబట్టి కొనేవాడు బ్యాటరీ వెతుక్కోవాల్సిన పని లేదు.

రైఫిల్ మీద నెపం వేశారు కనుక ఆ మాట కూడా. పెల్లెట్ 10 మీటర్లు పోయేసరికి సుమారు 18 మి.మీ. కిందికి జారుతుంది. వేగం నిజంగా 23 మీ/సె చెదిరితే ఆ జారుడు దాదాపు 5 మి.మీ. తేడా పడి, టార్గెట్ కార్డు మీద రంధ్రాలు రెండు వలయాల మేర నిలువుగా పరుచుకోవాలి. జతపరిచిన కార్డులో పది పెల్లెట్లూ ఒకే రంధ్రంలో ఉన్నాయి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పదో వలయం 0.5 మి.మీ. చుక్క. దాని కోసం సాధన చేసే పిల్లల రైఫిళ్లను మీ అంకెలు నమ్మి రిపేరుకు పంపి ఉంటే, బాగున్న రెగ్యులేటర్లు విప్పించి ఉండేవాళ్లం.

2.4 శాతమే కదా అనకండి. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక జౌళ్లలో (శక్తిని కొలిచే యూనిట్లలో) తప్పు రెట్టింపు, దాదాపు 4.8 శాతం. 2016 ఆయుధ నిబంధనల్లో ఎయిర్ రైఫిళ్లకు 20 జౌళ్ల గీత ఉంది. 0.53 గ్రాముల పెల్లెట్‌కు ఆ గీత సుమారు 275 మీ/సె దగ్గర వస్తుంది. స్ప్రింగ్ రైఫిల్ ఒకటి నిజంగా 269 మీ/సె ఇస్తోందనుకోండి, అది 19.2 జౌళ్లు, గీతకు లోపలే. మీ పరికరం మీద అదే 275 దాటి, 20.1 అయి కూర్చుంటుంది. సభ్యుడి రైఫిల్ లైసెన్సు కావాల్సిందో కాదో తేల్చేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

రైఫిల్ గొట్టం మూతికి తగిలించే చిన్న గొట్టం రకం క్రోనోగ్రాఫ్ ఇంతకన్నా చవకగా దొరుకుతుంది. అందులో సెన్సర్ల మధ్య దూరం 70 మి.మీ. ఉంటే అర మిల్లీమీటరు తేడాకే 0.7 శాతం తప్పు వస్తుంది, 300 మి.మీ. మీద అదే అర మిల్లీమీటరు 0.17 శాతం. ఆ లాభం కోసమే మీ పొడవాటి మోడల్‌కు ఎక్కువ డబ్బు పెట్టాం. బందు దగ్గర పోయిన 7 మి.మీ. ఆ లాభం మొత్తం తినేసింది. పెట్టె మీద వేసిన ‘ప్లస్ లేదా మైనస్ 0.5 శాతం’ అన్న హామీకి ఇది దాదాపు ఐదింతలు.

చిన్నది ఇంకొకటి: 9 వోల్టుల బ్యాటరీ నీరసించినప్పుడు తెర మీద ఏ సూచనా రావడం లేదు, ఊరికే ఎర్రర్ చూపుతోంది.

మేము కోరేది: కేబుల్ దారి మార్చిన పరికరం ఇవ్వండి, లేదా పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వండి. పరికరమే ఇస్తే, సెన్సర్ల మధ్య దూరాన్ని అడుగునా, 200 మి.మీ. ఎత్తునా రెండు చోట్ల కొలిచి సంతకంతో రాసివ్వండి. లైట్ కిట్ సొమ్ము 2,900, రెండుసార్లు మేము భరించిన కొరియర్ ఖర్చు వేరుగా చెల్లించండి. ‘లోపం లేదు’ చీటీని రాతపూర్వకంగా ఉపసంహరించుకోండి, అది ఉంటే వారంటీలో రేపు ఇంకో మాట అంటారు. ఇదే మోడల్ కొన్న మిగతావారికి బందును అద్దం మీద పెట్టి చూసుకోమని తెలియజేయడం మీ బాధ్యత.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం. కొన్నవారు ఉండే జిల్లాలోనే వేసుకునే వీలు ఆ చట్టం ఇచ్చింది, ఈ మొత్తానికి ఫీజు కూడా లేదు.

నమ్మకం లేకపోతే మీ టెక్నీషియన్‌ను పంపండి. షెడ్డు ఆదివారం తప్ప రోజూ ఉదయం తెరిచే ఉంటుంది, పరికరం ఉన్నది ఉన్నట్టే ట్రైపాడ్ మీద ఉంచాం. మూలమట్టాలు మా దగ్గర ఉన్నాయి, ఆయన తనవి తెచ్చుకున్నా అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఎయిర్ రైఫిల్ సాధన షెడ్డు నిర్వాహకులు,
కంటోన్మెంట్, విజయనగరం.

జతపరిచినవి: బిల్లు నకలు, సర్వీస్ సెంటర్ చీటీ నకలు, రెండు పరికరాల రీడింగుల కాగితం, టార్గెట్ కార్డు, మూలమట్టాలతో కొలుస్తున్న ఫోటోలు, నలిగిన కేబుల్ ఫోటో, లైట్ కిట్ స్లో మోషన్ వీడియో ఉన్న పెన్ డ్రైవ్.