చివరి సెమిస్టర్‌లో మొదలుపెడితే పరిశోధన ఎప్పుడొస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే యూనివర్సిటీల ఎదురుగా ఉండే డీటీపీ షాపులు రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంటాయి. ఎం.ఏ. తెలుగు చివరి సెమిస్టర్ పిల్లలు ప్రాజెక్టులు టైప్ చేయించుకుంటూ, బైండింగ్ కోసం ఎదురుచూస్తూ అక్కడే కనిపిస్తారు. నేను పద్దెనిమిదేళ్లుగా పీజీ విద్యార్థులకు తెలుగు చెబుతున్నాను. ఈసారి నా దగ్గరికి వచ్చిన రెండు ప్రాజెక్టులకు మొదటి అధ్యాయం ఒక్కటే: 'నవల – ఆవిర్భావ వికాసాలు'. ఇరవై ఆరు పేజీలు, అచ్చుతప్పులతో సహా తేడా లేదు. వాళ్లిద్దరూ ఒకరిది ఒకరు చూసి రాసింది కాదు. షాపతను తన కంప్యూటర్‌లో ఉన్న పాత ఫైలు ఇద్దరికీ పెట్టి ఇచ్చాడు. ఒకమ్మాయిని పిలిచి అడిగితే, "మొదటి అధ్యాయం అందరిదీ అంతే కదా మేడమ్" అంది. దాచే ఉద్దేశమే లేదు ఆమెకు. నేను సంతకం పెట్టిన పాత ప్రాజెక్టులు గుర్తొచ్చి, ఆ మాటకు ఏం చెప్పాలో తోచలేదు.

మూడు సెమిస్టర్ల పాటు మేం నోట్స్ చెప్తాం, వాళ్లు రాసుకుంటారు. పరీక్షలో 'వివరించండి', 'సమీక్షించండి' అంటాం. చదివినదాంట్లో నీకేం అనుమానం వచ్చింది అని మాత్రం ఒక్కసారి కూడా అడగం. పరిశోధన పద్ధతుల పేపర్ ఉన్నచోట కూడా నిర్వచనాలు, రకాలు, ప్రయోజనాలు బట్టీ పట్టిస్తాం. నాలుగో సెమిస్టర్ రాగానే సొంతంగా అంశం ఎంచుకుని మూడు నెలల్లో ఎనభై పేజీలు తెమ్మంటాం. పాపం, వాళ్లు అంశం కోసం పాత ప్రాజెక్టుల అట్టలు తిరగేస్తారు. అందుకే ఏటా 'ఫలానా వారి నవలలు – స్త్రీ పాత్రలు', 'ఫలానా వారి కవిత్వం – సామాజిక చైతన్యం'. ఫలానా ఒక్కటే మారుతుంది.

ఇదివరకైతే ఈ లోటు ఎం.ఫిల్.లో కొంత పూడేది. ఎం.ఏ.లో తడబడ్డవాళ్లు అక్కడ గైడు వెంట తిరిగి పని నేర్చుకునేవారు. 2020 జాతీయ విద్యా విధానం ఎం.ఫిల్. వద్దంది, 2022 నవంబరు నాటి యూజీసీ నిబంధనలతో అది ఆగిపోయింది. ఇప్పుడు ఎం.ఏ. నుంచి నేరుగా పీహెచ్‌డీకే. అంటే పరిశోధన చేతికి అలవాటు కావడానికి మిగిలింది ఈ ప్రాజెక్టు ఒక్కటే. దీన్ని పట్టించుకుని ఎం.ఏ. సిలబస్‌ని సరిచేసుకున్న తెలుగు విభాగాలు నా ఎరుకలో చాలా తక్కువ.

మన పిల్లలకు శక్తి లేదని మాత్రం ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రెండేళ్ల కింద ఒక అబ్బాయి 'గురజాడ 1897లో రాసిన కన్యాశుల్కం' అని రాసి, ఇప్పుడు బజార్లో దొరికే పుస్తకంలోని సంభాషణలు ఉదాహరించాడు. ఆ పుస్తకంలో ఉన్నది 1909 నాటి రెండో కూర్పు. గురజాడ బాగా పెంచి, తిరగరాసిన నాటకం అది. పరిశోధకులు బంగోరె గారు మళ్లీ అచ్చు వేయించిన తొలి కూర్పును పక్కన పెట్టి, ఒక్క రంగం చాలు, రెండూ చదివి తేడాలు రాసుకు రమ్మన్నాను. పెన్సిల్ గీతలతో నిండిన పదిహేను కాగితాలు పట్టుకుని మూడో రోజు వచ్చాడు. "మేడమ్, ఈ మాట ఎందుకు మార్చి ఉంటారు?" అన్నాడు. పాఠంలో లేని ప్రశ్న, ఎవరూ చెప్పకుండా అతనికే పుట్టిన ప్రశ్న. ఇంత చిన్న పని మొదటి సెమిస్టర్‌లో ఎందుకు చేయించలేకపోయాం?

ఇంకో అమ్మాయి వాళ్ల నాయనమ్మ వరి నాట్లప్పుడు పాడే పాటల మీద చేస్తానంది. ఇంట్లో కూర్చోబెట్టి ఫోన్ ముందు పెడితే ఆ పెద్దమ్మ రెండు చరణాలు పాడి మర్చిపోయానందట. మనవరాలు కూడా మడిలోకి దిగి నారు అందిస్తుంటే, అదే పాట గంటసేపు సాగింది. ఎవరి పాట ఏ ఊళ్లో, ఏ పని దగ్గర, ఏ తేదీన విన్నదో రాసిపెట్టుకోవాలని ఆమెకు ముందే చెప్పి ఉంటే, తొలి పది పాటల వివరాలు పోయేవి కావు. ఆ తప్పు మాది.

గ్రంథాలయం సంగతీ అంతే. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం పేర్లు పరీక్ష కోసం వీళ్లకు తెలుసు. లోపల అడుగు పెట్టినవాళ్లు క్లాసుకు ఇద్దరు ముగ్గురుండరు. పాత పత్రికల కోసం గూగుల్‌లో వెతికి "దొరకలేదు మేడమ్" అంటారు. ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేయించిన పాత 'భారతి' సాహిత్య పత్రిక సంచికలైనా, పీహెచ్‌డీ గ్రంథాలు ఉంచే శోధగంగ వెబ్‌సైట్‌లోని చాలా తెలుగు సిద్ధాంత గ్రంథాలైనా పేజీల బొమ్మలు. అందులో మాట కొట్టి వెతికితే రాదు, విషయసూచిక చూసి ఓపిగ్గా పేజీలు తిప్పాలి. ఈ ఒక్క సంగతి పక్కన కూర్చుని అరగంట చూపిస్తే చాలు.

టీచర్ ఉద్యోగాల డీఎస్సీకో, జూనియర్ లెక్చరర్ పరీక్షకో చదువుకునే పిల్లలకు ఇదంతా బరువు కాదా అని తోటి అధ్యాపకులు అడుగుతారు. వాళ్ల టెన్షన్ నాకూ తెలుసు, ఇంటి పరిస్థితులూ తెలుసు. కానీ రేపు బడిలో పాఠం చెప్పేది వీళ్లే. పుస్తకంలో ఉన్నమాట నిజమా కాదా అని ఒకసారి సరిచూసుకునే అలవాటు మాస్టారికే లేకపోతే పిల్లలకెలా వస్తుంది? అధ్యాపకుల ఖాళీలు నింపకుండా ఒక్కొక్కరికి పదిహేను మందిని అప్పగిస్తే ప్రతి కాగితం చదవడం మావల్లా కాదు. ఆ భారం ప్రభుత్వాలదే.

వచ్చే విద్యా సంవత్సరానికి సిలబస్ చూసే పెద్దలను కోరేది ఇది. పరిశోధన పద్ధతుల పేపర్‌ను మొదటి సెమిస్టర్‌కు తెచ్చి, అందులో సగం మార్కులు చేసిన పనికి ఇవ్వండి. రెండు, మూడు సెమిస్టర్లలో పదేసి పేజీల వ్యాసం ఒకటి సొంతంగా రాయించండి. అంశాన్ని మూడో సెమిస్టర్‌లోనే ఖాయం చేయండి. 'ఆవిర్భావ వికాసాలు' అధ్యాయం తప్పనిసరి కాదని ఒక్క వాక్యం నిబంధనల్లో చేర్చండి. 'అందరిదీ అంతే కదా' అన్న ఆ అమ్మాయికి పది రోజులు గడువిస్తే ఇరవై ఆరు పేజీలు తీసేసి, తను చదివిన మూడు నవలల మీద ఆరు పేజీలు రాసుకొచ్చింది. వాటిలో షాపతని ఫైలు నుంచి వచ్చిన వాక్యం ఒక్కటి కూడా లేదు.

– ఒక తెలుగు అధ్యాపకురాలు, జనగామ