నాయనకి, అమెరికాలో కొలంబస్ నుంచి

నాయనా,

నువ్వూ అమ్మా బాగుండారని తలుస్తాను. ఇక్కడ మేం బాగున్నాం. ఉద్యోగం మామూలే.

మొన్న వీడియోలో ఇంటి వెనకవైపు చూపిస్తే ఏం మాట్లాడకుండా ఫోను అమ్మకిచ్చేశావు. "ప్లాస్టిక్ గోడలకా అంత అప్పు చేసింది" అన్నావంట తర్వాత. అది గోడకి పైతొడుగే నాయనా. లోపల నిలువు చెక్కలు, వాటి మధ్య చలికి గాజుపీచు, పైన చెక్కపలక, దాని మీద నీళ్లు దిగకుండా పలచటి పట్టా, అన్నిటి పైన ఈ వినైల్ సైడింగ్, అంటే నువ్వన్న ప్లాస్టిక్ పలకలు. మందం ఒక మిల్లీమీటరు. ఇల్లు దాని మీద నిలబడలేదు. ముందువైపు ఇటుక, మిగతా మూడు వైపులా ఇదే, మా వీధిలో అందరివీ అంతే. నాలుగు వైపులా ఇటుకంటే నా వల్ల కాదు. ఫైబర్ సిమెంటు పలకలూ అడిగాను. ధర ఎక్కువ, పైగా కొన్నేళ్లకి మళ్లీ రంగు వెయ్యాలి. దీనికి ఆ పని లేదు, పైపుతో కడిగితే చాలు. చీమకుర్తి గ్రానైటు రాయి కాదులే, ఒప్పుకుంటాను.

పక్క స్థలంలో ఇల్లు కడుతుంటే పోయి నిలబడి చూశాను. మేకు బిగించి కొట్టరు! సైడింగ్ పలక అంచున పొడుగాటి కంతలుంటాయి. నడిమధ్యన మేకు దించి తల కింద కాస్త సందు వదులుతారు. పన్నెండడుగుల పలక ఎండకీ చలికీ అరంగుళం దాకా సాగి ముడుచుకుంటుంది, బిగిస్తే ఉబ్బుతుంది. చేత్తో జరిపితే అటూ ఇటూ కదలాలంట. నువ్వైతే సుత్తి లాక్కుని బిగించేసేవాడివి. పొద్దుగూకాక మా వెనకగోడ టిక్కు టిక్కుమంటుంది, అలవాటైపోయింది.

సెగ మాత్రం ఓర్వదు. ఎదురింటాయన బొగ్గుల పొయ్యి దగ్గరగా పెడితే పలక అప్పడంలా ముడుచుకుంది. గట్టి చలిలో దెబ్బ తగిలితే పగులుతుంది కూడా. ఆ ఒక్క పలకా ఊడదీసి వేరేది తగిలించుకోవచ్చు.

అమ్మకి 89లో కావలి తుఫానే కళ్లముందు ఆడుతున్నట్టుంది, గాలికి లేచిపోదా అని ఒకటే అడగడం. ఇక్కడికి సముద్రం వందల మైళ్లు. పెద్దగాలికి ఒకటీ అరా పలకలు ఊడతాయి, ఇల్లు కదలదు. దిగులు పడబాకని చెప్పు.

మోకాలు చూపించడానికి నెల్లూరు తీసుకెళ్లావా? రేపు రేపంటా గడపబాక. బర్రెని అమ్మేస్తానన్నావంట, అమ్మెయ్, ఇంక మీవల్ల కాదు. వచ్చే వేసవికి ఇద్దరూ రండి, గోడ నువ్వే తట్టి చూద్దువు గాని. పిల్లది తాతా తాతా అని నీ ఫోటోకి ముద్దులు పెడుతోంది. మీ అమ్మే పుట్టిందని అందరూ అంటారు.

డబ్బులు వేశాను, బ్యాంకులో పడ్డాయేమో చూసి చెప్పు.

నీ పెద్దోడు