పోర్గీ అండ్ బెస్: పాటకూ పాటకూ మధ్య

ప్రియ మిత్రమా,

సంభాషణలతో సహా దాదాపు అంతా పాటగానే నడిచే పోర్గీ అండ్ బెస్ అనే అమెరికా ఒపెరా గురించి నువ్వు రాసిన ఉత్తరం అందింది. “పోర్గీ అండ్ బెస్‌లో పేరుపడ్డ పాటలు నాలుగైదు ఉన్నాయి కదా, వాటిని ఉంచుకొని మిగిలినదంతా మామూలు సంభాషణగా చెప్పిస్తే నాటకం చురుగ్గా నడవదా?” అని అడిగావు. ఏ పద్యానికి వన్స్‌మోర్ పడుతుందో ముందే లెక్కవేసి నాటకాలు వేయించినవాడివి, నీకు ఆ ఆలోచన రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఇక్కడి బృందం చేస్తున్న రిహార్సళ్ళలో, పాడే మాటలను వేదిక పైనున్న చిన్న తెరమీద వరుసగా చూపించే పని నాది కావడం వల్ల, ఈమధ్య నా సాయంకాలాలన్నీ దీనితోనే గడుస్తున్నాయి. నన్నడిగితే మాత్రం ఆ పని చేయవద్దనే అంటాను.

నువ్వు చెప్పినది ఇదివరకు జరిగినదే. జార్జ్ గెర్ష్విన్ స్వరపరచిన ఈ ఒపెరా 1935 అక్టోబరులో న్యూయార్క్‌లోని ఆల్విన్ థియేటర్‌లో మొదలై, 124 ప్రదర్శనలతో ఆగిపోయింది. పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. రెండేళ్ళు తిరగకుండానే, 38 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. 1942లో షెరిల్ క్రాఫర్డ్ అనే నిర్మాత, పాటల మధ్య పాడవలసిన సంభాషణలను చాలావరకు మామూలు మాటలుగా మార్చి వేయిస్తే జనం విరగబడి వచ్చారు. స్వరకర్త రాసినది రాసినట్టు వేదికమీద నిలబెట్టడానికి 1976లో హ్యూస్టన్ గ్రాండ్ ఒపెరా పూనుకోవలసి వచ్చింది. డబ్బు లెక్క చూస్తే నీ మాటే నెగ్గుతుంది.

కానీ ఇందులో ఎవరు పాడతారు, ఎవరు పాడరు అన్నదే అసలు కీలకం. పోర్గీ అనే నడవలేని బిచ్చగాడికీ బెస్ అనే ఆమెకూ మధ్య నడిచే ఈ కథ దక్షిణ కరొలైనాలోని చార్లెస్టన్ రేవులో, క్యాట్‌ఫిష్ రో అనే నల్లజాతివారి వాడలో జరుగుతుంది. ఆ వాడవాళ్ళందరూ పాడతారు. అక్కడికి వచ్చే తెల్లవాళ్ళు మాత్రం మాట్లాడతారు. మొదటి అంకం రెండో రంగంలో, జూదం గొడవలో చనిపోయిన రాబిన్స్ శవం గదిలో ఉంటుంది. పూడ్చిపెట్టే ఖర్చుకోసం సాసర్‌లో చిల్లర వేయమని అందరూ పాడుతూ ఉంటారు. అంతలో డిటెక్టివ్ లోపలికి వస్తాడు. పాట తెగిపోతుంది. ఆయన ఒట్టి మాటలతో గద్దించి, ఏ పాపమూ ఎరుగని పీటర్ అనే ముసలాయనను సాక్షి పేరుతో పట్టుకుపోతాడు. వాడవాళ్ళ చేత కూడా మాటలే చెప్పిస్తే ఆ రాకలోని కరకుదనం ఏమైపోతుందో నువ్వే ఆలోచించు.

ఇందులో జానపదం ఎంత, జాజ్ ఎంత అన్న సంగతికి వస్తాను. మూలనవల రాసిన డ్యూబోస్ హేవర్డ్ చార్లెస్టన్‌వాడే. గెర్ష్విన్ 1934 వేసవిలో ఆ పక్కనే ఉన్న ఫాలీ ద్వీపంలో మకాం పెట్టి, గలా అనబడే అక్కడి నల్లజాతివారి ప్రార్థనలూ, చప్పట్ల లయలూ విన్నాడు. విన్నా, వారి పాట ఒక్కటి కూడా ఎత్తి రాయలేదు; భక్తిగీతాలన్నీ తానే కొత్తగా కట్టాడు. నాకు అన్నిటికంటే తుఫాను రంగం ఇష్టం. ఆరుగురు ఆరు ప్రార్థనలను, ఒకరి తాళంతో మరొకరికి పొత్తు లేకుండా ఒకేసారి పాడుతుంటే, వెనక బృందం నోరు మూసుకొని శ్రుతి పడుతుంది. ఆ ఊహకు మూలం ఉత్తర కరొలైనాలోని హెండర్సన్‌విల్‌లో ఒక ప్రార్థనాశాల బయట నిలబడి విన్న గొంతులేనని హేవర్డ్ రాశాడు. అక్కడ నా తెర ఖాళీగా ఉంచేస్తాను. ఏ గొంతును చూపించమంటావు?

జాజ్ మొదటి దృశ్యంలోని పియానోలోనూ, మత్తుపొడి అమ్మే స్పోర్టింగ్ లైఫ్ పాత్రలోనూ బాగా వినిపిస్తుంది. ఆ పాత్రను మొదట వేసిన జాన్ బబుల్స్ పేరుమోసిన ట్యాప్ డాన్సర్. స్వరలిపి చదవడం రాదు. అలాంటివాణ్ణి, పోర్గీ వేషం వేసిన, హోవర్డ్ విశ్వవిద్యాలయంలో సంగీతం చెప్పే టాడ్ డంకన్‌నూ ఒకే వేదికమీద నిలబెట్టడం చిన్న సాహసం కాదు.

నటవర్గం విషయంలో షరతు కఠినమైనది. వాడవాళ్ళ పాత్రలన్నీ నల్లజాతి గాయకులే వేయాలని గెర్ష్విన్ వారసులు పట్టుబడతారు; 2018లో హంగరీ స్టేట్ ఒపెరా తెల్లవారితో వేయించి పెద్ద వివాదంలో పడింది. అలాగని నల్లజాతివారందరూ దీన్ని నెత్తిన పెట్టుకున్నారనుకోకు. జూదమూ, మత్తూ, కత్తిపోట్లూ తప్ప తమ బతుకులో మరేమీ లేదన్నట్టు తెల్లవాళ్ళు రాశారన్న కోపం చాలామందికి ఉంది. నాకది న్యాయమైన కోపంగానే తోస్తుంది. 1936లో వాషింగ్టన్ నేషనల్ థియేటర్‌లో నల్లవారిని ప్రేక్షకులుగా రానివ్వకపోతే తాము పాడమని డంకన్ బృందం మొండికేసి, ఆ కొన్నాళ్ళకైనా తలుపులు తెరిపించిందన్న సంగతి కూడా దాని పక్కనే పెట్టి చూడాలి.

నువ్వు ముందుగా జాన్ డిమేన్ నిర్వహణలోని హ్యూస్టన్ రికార్డింగు సంపాదించు. దయచేసి ‘సమ్మర్ టైమ్’ అనే జోలపాటతో మొదలుపెట్టకు, అది అందరికీ వచ్చినదే. రెండో అంకంలోని తుఫాను రంగం విను, తరువాత శవం దగ్గరి రంగం విను. అప్పటికీ పాడే సంభాషణలు తీసేయాలనిపిస్తే, ఏ చోట తీసేస్తావో గుర్తుపెట్టి నాకు రాయి.

నీ మిత్రుడు