జిప్సీ కింది నాలుగు నూనెలు

మలక్‌పేట,
ఆదివారం సాయంత్రం.

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటో చూశాం. వాగు మధ్యలో మన జిప్సీ జీపు, బానెట్ మీద చెయ్యేసి నువ్వు. మీ అమ్మ "ఎంత నల్లబడింది పిల్ల" అంది. నేను నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూశాను. చక్రాల మధ్య హబ్బులు పూర్తిగా మునిగి ఉన్నాయి. ఫోన్ చేస్తే "చూస్తాలే నాన్నా" అని పెట్టేస్తావు, అందుకే కాగితం తీసుకున్నాను.

ఇంజిన్ ఆయిల్ సంగతి నువ్వు మర్చిపోవని తెలుసు. దానికి డిప్‌స్టిక్ ఉంది, తీసి చూస్తే అయిపోతుంది. మిగతా నాలుగు చోట్లకు అలాంటిది లేదు. గేర్‌బాక్సు, దాని వెనక విడిగా ఉండి ఇంజిన్ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ఆ బలాన్ని ఇరుసుల దగ్గర చక్రాలకు అందించే ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్. పానా పట్టుకుని బండి కిందికి దూరితే తప్ప వాటి కథ తెలియదు. అందుకే ఎవరూ దూరరు. నేనూ దూరలేదు.

2020 అక్టోబరు 13 రాత్రి నీకు గుర్తుండే ఉంటుంది. ఊరంతా నీళ్ళు. సరూర్‌నగర్ వైపు మీ అత్తావాళ్ళ ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయంటే ఈ జిప్సీలోనే వెళ్ళి అందరినీ తీసుకొచ్చాను. నీళ్ళు బంపర్ దాటాయి. తర్వాత వారమంతా సీట్లు ఎండబెట్టాను, ఇంజిన్ ఆయిల్ మార్చాను, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఆ రాత్రి కథ చెప్పాను. కింద ఒక్క బోల్టు కూడా విప్పి చూడలేదు.

మన బండికి ముందు చక్రాలను ఇరుసుతో కలిపే, విడదీసే హబ్ లాకులున్నాయి కదా. అవి విప్పి టూవీల్‌లో తిప్పుతుంటే ముందు డిఫరెన్షియల్ అసలు తిరగదు. దాంట్లోకి వెళ్ళిన నీళ్ళు అక్కడే కూర్చుని బేరింగులను తుప్పు పట్టించాయి, ఒక్క చప్పుడు లేదు. ఫిబ్రవరిలో వికారాబాద్ వెళ్ళినప్పుడు అనంతగిరి గుట్టల దగ్గర మట్టి దారిలో హబ్బులు లాక్ చేసి ఫోర్‌వీల్ వేశాను. కుక్క ఏడ్చినట్టు మొదలైంది. ఇంటికొచ్చి డ్రెయిన్ ప్లగ్ విప్పితే ముందు టీ గ్లాసుడు నీళ్ళు, ఆ వెనక ఇరానీ చాయ్ రంగులో ఆయిల్. బేరింగులు, లోపలి పళ్ళచక్రాల జత క్రౌన్ పినియన్ అన్నీ మార్చాల్సి వచ్చింది. అంతకుముందు ఏడాది మెకానిక్ సరిగ్గా బిగించలేదని నీతోనూ మీ అమ్మతోనూ చెప్పాను. పాపం, ఆయన తప్పేమీ లేదు.

నీళ్ళు ఎలా వెళ్తాయంటావా? వేడి పప్పు పోసి మూత గట్టిగా పెట్టిన స్టీలు డబ్బా చల్లారాక మూత ఎలా పట్టేస్తుందో చూశావు కదా, అదే లెక్క. పాతిక కిలోమీటర్లు నడిచిన డిఫరెన్షియల్ వేడిగా ఉంటుంది. వాగులో దిగగానే చల్లబడి లోపలి గాలి ముడుచుకుపోతుంది, బయటినుంచి పీలుస్తుంది. పీల్చడానికి పైన బ్రీదర్ అనే చిన్న గాలి రంధ్రం ఉంటుంది. అది బురదతో పూడుకుపోతే ఆయిల్ సీల్ పక్కనుంచి నీళ్ళే లాక్కుంటుంది. బ్రీదర్ బాగున్నా నీళ్ళలో మునిగితే అంతే. ఈసారి వచ్చినప్పుడు రెండు డిఫరెన్షియల్స్ బ్రీదర్లకూ రబ్బరు పైపులు తగిలించి బానెట్ ఎత్తుదాకా తెద్దాం. అప్పటిదాకా వాగు ఒడ్డున ఒక పావుగంట ఆగి, చల్లారాక దిగు.

ఇక చూసే పద్ధతి. రాత్రంతా బండి సమంగా ఉన్న నేల మీద నిలబెట్టు. నీళ్ళు ఆయిల్ కంటే బరువు, అడుగుకు దిగుతాయి. పొద్దున డ్రెయిన్ ప్లగ్ కొద్దిగా వదులు చేస్తే మొదట వచ్చేవి అవే. కానీ ఒక్క మాట, దేవుడి మీద ఒట్టేసి వినాలి. డ్రెయిన్ ముట్టుకునే ముందు పైన నింపే ప్లగ్ విప్పు. ఒకసారి నేను గేర్‌బాక్సు మొత్తం ఖాళీ చేశాక పై ప్లగ్ కదలనని మొరాయించింది. ఆదివారం, బండి సామాన్లు అమ్మే రాణిగంజ్ మొత్తం షట్టర్లు. చుక్క ఆయిల్ లేని బండిని రెండు రోజులు వాకిట్లో పెట్టుకుని కూర్చున్నాను.

నీళ్ళు కనిపించినా, ఆయిల్ చాయ్ రంగులో ఉన్నా ఆలోచించకు, మార్చెయ్. పది కిలోమీటర్లు తిప్పి వేడిగా ఉన్నప్పుడు దించితే మడ్డితో సహా దిగుతుంది, చేతులు మాత్రం కాల్చుకోకు. ప్లగ్ కొసన అయస్కాంతం ఉంటే దానికి తడిపిన విభూతిలా బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటుంది, అది మామూలే. గోటి ముక్కంత లోహం పలుకు కనిపిస్తే ఫోటో తీసి నాకు పంపు, బండి కదపకు. కొత్త ఆయిల్ నింపే రంధ్రం అంచుదాకా వచ్చి బొట్లుగా కారేదాకా పోయాలి. ఇంకాస్త పోద్దామని పోస్తే వెనక ఆయిల్ సీల్ దాటి బ్రేక్ డ్రమ్ములోకి పోతుంది, ఘాట్‌లో బ్రేకు పట్టదు. వాషర్లు కొత్తవి వెయ్యి.

ఆయిల్ దుకాణంలో గేర్ ఆయిల్ రకాలు అడిగితే "జీఎల్4, జీఎల్5 ఒకటే మేడం" అంటారు. కావు. డిఫరెన్షియల్‌లో చిన్న పళ్ళచక్రం పినియన్, పెద్దదైన క్రౌన్ వీల్ మధ్యకు సరిగ్గా ఎదురుగా కూర్చోదు, కాస్త జరిగి ఉంటుంది. దాంతో పళ్ళు దొర్లడమే కాక ఒకదాన్నొకటి రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర చిరిగిపోతుంది. అందుకే జీఎల్5లో గంధకం, భాస్వరం కలిపిన మందులు ఎక్కువ పాళ్ళలో ఉంటాయి. అవే మందులు గేర్‌బాక్సులో గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగులను తినెయ్యొచ్చు. కాబట్టి డిఫరెన్షియల్స్‌కు జీఎల్5, గేర్‌బాక్సుకు జీఎల్4. ట్రాన్స్‌ఫర్ కేసుకు మాన్యువల్‌లో ఏం రాసుంటే అది, నా మాట కూడా వినకు. నాలుగూ కలిపి ఆరు లీటర్ల లోపే పడుతుంది.

గ్రీజు విషయంలో నాకు చాదస్తమని నువ్వంటావు. మా తాత ఎడ్లబండికి ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసేవాడు, ఇరుసుకు పూసే పని నాది. ఒకసారి మరిచిపోతే ఊరి పొలిమేరదాకా కీచు కీచుమంటూ పోయాం. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని తాత నన్ను చూసి నవ్వాడు. ఆ చాదస్తం అక్కడిది.

నీ బండి కింద తిరిగే షాఫ్టులకు క్రాస్ జాయింట్ల దగ్గర గ్రీజు ఎక్కించే చిన్న నిపుల్స్ ఉంటాయి. గ్రీజు గన్ పెట్టే ముందు గుడ్డతో తుడువు, లేకపోతే బురదను నువ్వే లోపలికి కొట్టినట్టు. జాయింట్ నాలుగు కొసల కప్పుల నుంచీ కొత్త గ్రీజు తొంగి చూసేదాకా కొట్టాలి. ఒక కప్పు నుంచి రాకపోతే షాఫ్టును కాస్త అటూ ఇటూ ఆడించి మళ్ళీ కొట్టు. షాఫ్టు పొడవు సర్దుకునే స్లిప్ జాయింట్‌కు మాత్రం రెండు మూడు దెబ్బలు చాలు. వాగు దాటిన మర్నాడు ఈ పని తప్పదు.

గ్రీజు రంగు చూసి మోసపోకు. నీలం, ఎరుపు, పసుపు అన్నీ కంపెనీలు వేసే రంగులే. డబ్బా మీద లిథియం కాంప్లెక్స్, నంబర్ 2 అని ఉండాలి. ఇంకో రకంతో కలిపితే రెండూ పలచబడి కారిపోవచ్చు. హబ్ లాకుల్లో మాత్రం పలచగా పూస్తే చాలు, కుక్కితే లాక్ సరిగ్గా పడదు. వీల్ బేరింగుల్లో పెట్టడం ఫోన్‌లో చెప్తే అర్థం కాదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని బేరింగ్ వెడల్పు అంచును దానిమీద నొక్కుతూ పోతే అవతలివైపు రోలర్ల సందుల్లోంచి గ్రీజు పురుగుల్లా బయటికొస్తుంది. గేదెలకు వైద్యం చేసే చేతులు, నీకు అసహ్యం ఉండదులే. బిగింపు మాత్రం తెలిసిన మెకానిక్‌తో చేయించు.

తీసిన ఆయిల్ వాగు పక్కన పారబోయకు. మూసీ పుట్టేది ఆ అనంతగిరి గుట్టల్లోనే, ఇక్కడ చాదర్‌ఘాట్ వంతెన మీద నిలబడితే దాని గతి తెలుస్తుంది. క్యాన్‌లో పోసి ఉంచు, ఇక్కడికి తెస్తే పాత ఆయిల్ తీసుకునే రిజిస్టర్డ్ వాళ్ళకు ఇద్దాం.

ఆర్టీసీ కార్గోలో పార్శిల్ వేశాను, ఉట్నూరులో తీసుకో. అడుగున గ్రీజు గన్, వాషర్లు. పైన మీ అమ్మ చేసిన సకినాలు, రెండు కవర్లు చుట్టాను, వాసన పట్టవు. ముందు డిఫరెన్షియల్ ప్లగ్ విప్పి తెల్లకాగితం మీద నాలుగు చుక్కలు వేసి ఫోటో పంపు. ఈ వారంలోనే.

నాన్న