లంబసింగి శిబిరం వాయిదా: తల్లిదండ్రులకు ఒక వివరణ

డిసెంబరు చివరి వారంలో లంబసింగిలో జరగవలసిన పిల్లల చలికాలపు శిబిరాన్ని సంక్రాంతి తరువాతి వారాంతానికి వాయిదా వేశాము. ఏటా మమ్మల్ని నమ్మి పిల్లలను పంపుతున్న మీకు కారణం దాపరికం లేకుండా చెప్పాలి.

సున్నా డిగ్రీల చలిని సైతం ఆపుతాయన్న చీటీతో మాకు కొత్త స్లీపింగ్ బ్యాగులు వచ్చాయి. పిల్లల చేతికిచ్చే ప్రతి వస్తువునూ ముందు మేమే వాడి చూస్తాము కనుక, శిక్షకులమంతా లంబసింగి వెళ్లి ఒక రాత్రి వాటిలో పడుకున్నాము. అర్ధరాత్రికే వణుకు పట్టుకుంది. తెల్లవారాక ఒకదాన్ని విప్పి చూస్తే, కుట్టు పడిన ప్రతిచోటా లోపలి పాలియెస్టర్ దూది పక్కకు జరిగిపోయి, ఉత్త గుడ్డ మాత్రమే మిగిలి ఉంది. అసలు ఆ డిగ్రీల లెక్కలు పెద్దవారి శరీరాలకు వేసినవి. బరువుతో పోలిస్తే చర్మపు విస్తీర్ణం ఎక్కువగా ఉండే పిల్లలు మనకంటే త్వరగా వేడిని కోల్పోతారు. ఇదంతా చెబితే ఆ సరఫరాదారు, "పిల్లలకే కదండీ, ఒక్క రాత్రికే కదా" అని ధర తగ్గించబోయాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. సరుకంతా తిప్పి పంపాను. ఇకమీదట అతని దగ్గర తాడు ముక్క కూడా కొనను.

తేదీ మార్చకుండా రాత్రికి లాడ్జిలో గదులు తీసుకోమని మీలో కొందరు సూచించారు. సెలవులు మళ్లీ దొరకవు, బస్సుకిచ్చిన బయానా తిరిగి రాదు. అందుకే నిద్ర పట్టకుండా ఆలోచించాను, అయినా మనసొప్పలేదు. విశాఖ ఉక్కపోతలో పెరిగిన పిల్లలకు చలి కొత్త. పైన కప్పుకునే దుప్పటికన్నా కింద పరుచుకునే ఎండుగడ్డిని ముందు చూసుకోవాలని, చెమటకు తడిసిన నూలు బనియను మార్చుకున్నాకే పడుకోవాలని, చల్లగాలి దిగి నిలిచే పల్లంలో కాక కాస్త మెరక మీద గుడారం వేసుకోవాలని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది కనుక గుడారంలో కుంపటి పెట్టకూడదని, పక్కవాడు వణుకుతూ మాట తడబడుతుంటే వెంటనే పెద్దలను లేపాలని వారు నేర్చుకోవలసింది ఆ నేల మీదే. గదిలో పడుకోబెట్టి ఇవన్నీ బోర్డు మీద రాసి చూపించే శిబిరాన్ని నేను నడపను.

కొత్త తేదీకి రాలేనివారికి రుసుము మొత్తం తిరిగి ఇస్తాము. ఆదివారం తరగతులు యథాప్రకారం ఉంటాయి. మరొకరి దగ్గర ఆర్డరు ఇచ్చిన బ్యాగులు రాగానే వాటిలోనూ ముందు మేమే పడుకుంటాము. వాటితోపాటు పిల్లల్లో ఒక్కొక్కరికీ ఒక ఉన్ని గొంగళి కూడా సిద్ధం చేస్తున్నాము. అవి కూడా చలికి నిలవకపోతే, ఎవరెంత ఒత్తిడి చేసినా మళ్లీ వాయిదా వేస్తాను.